తట్ట, చెమ్మస్, ఉషబ్తి

హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంకి బాపు నన్ను ఒక్కసారే తీసుకెళ్లాడు. నాకప్పుడు పదకొండేళ్లు. బసంత్‌నగర్‌లో తెల్లారకముందే బస్సెక్కి వచ్చి, ఆసుపత్రిలో ఉన్న చుట్టాన్ని చూసి, సాయంత్రం బస్సుకి ఇంకా టైముందని అటు వెళ్లాం. అద్దాల పెట్టె చుట్టూ పిల్లలు భయపడుతూ నవ్వుతున్నారు. ఒకాయన తనతో వచ్చినవాళ్లకి చెబుతున్నాడు: ఈజిప్టు రాకుమారి, పేరు నైషు, వెయ్యి పౌండ్లు పెట్టి కొన్నారు. బాపు చాలాసేపు నిలబడి చూశాడు. బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుని బీడీ ముట్టించి ఒకే మాట అడిగాడు.

"గా గుడ్డ ఎవలు చుట్టిన్రో రాయలేదేంది బిడ్డా?"

నాకు తెలియదన్నాను. ఆయన మళ్లీ అడగలేదు. ఈ మధ్య ఈజిప్టు సమాధుల వార్తలు వరసగా చదువుతుంటే ఆ మాట మళ్లీ మళ్లీ గుర్తొస్తోంది. 2025 ఫిబ్రవరిలో రెండవ తుత్మోస్ సమాధి దొరికిందని ప్రకటించారు, టూటంఖామున్ తర్వాత బయటపడ్డ మొదటి రాజు సమాధి అన్నారు. నవంబరులో గీజా పిరమిడ్ల పక్కన గ్రాండ్ ఈజిప్షియన్ మ్యూజియం తెరిచారు, టూటంఖామున్‌వి ఐదు వేలకు పైగా వస్తువులు మొదటిసారి ఒకేచోట పెట్టారు. మన రీల్స్ నిండా బంగారు ముసుగు, వెనకాల హారర్ మ్యూజిక్కు. ఇన్ని రీల్స్‌లో బాపు అడిగినదానికి జవాబు చెప్పింది ఒక్కటీ కనపడలేదు.

ముందు మన హైదరాబాద్ మమ్మీ కథనే చూద్దాం. చిన్న కథ. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ 1920లో వెయ్యి పౌండ్లకు దాన్ని కొన్నాడు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కి కానుకగా ఇచ్చాడు. ఆయన 1930లో మ్యూజియానికి ఇచ్చేశాడు. ఈమె ఆరవ ఫారో కూతురు. కాలం టాలమీలది, అంటే క్రీ.పూ. 300-100 మధ్య. దక్షిణ భారతంలో ఉన్న ఒకే ఒక్క మమ్మీ. ఏ పేపరు తిరగేసినా, ఏ వీడియో చూసినా ఇవే ఆరేడు ముక్కలు, కాస్త అటూ ఇటూగా.

ఈ కథని ఒక టెక్స్ట్‌గా చదివితే రెండు విషయాలు తగుల్తాయి. మొదటిది, లెక్క కుదరదు. ఈజిప్టుకి ఆరవ ఫారో అంటే మొట్టమొదటి వంశం రోజులు, క్రీ.పూ. 2900 దరిదాపు. టాలమీలంటే అలెగ్జాండర్ తర్వాత వచ్చిన గ్రీకు రాజులు. తండ్రికీ కూతురికీ మధ్య రెండున్నర వేల ఏళ్లు. ఆరవ టాలమీ అని సరిపెట్టుకుందామంటే కథలో అట్లా లేదు. (ఆరవ నిజాం పక్కన ఆరవ ఫారో, చెవికి బాగుందని వదిలేశారేమో.) రెండోది నాకు ఇంకా ముఖ్యం. ఆ కథలో క్రియలన్నీ చూడండి: కొన్నాడు, ఇచ్చాడు, ఇచ్చేశాడు. చేసినవాళ్లంతా కొన్నవాళ్లూ ఇచ్చినవాళ్లే. శవాన్ని కడిగినవాళ్లు లేరు, చుట్టినవాళ్లు లేరు, రంగులేసినవాళ్లు లేరు. ఆమె రాకుమారి కాకపోతే చూడటానికి ఎవరూ రారన్న భయం కూడా ఆ కథలో వినిపిస్తుంది.

నిజానికి చుట్టినవాళ్ల గురించి పాతవాళ్లు రాశారు. హెరోడోటస్ మూడు రేట్లు చెప్పాడు: డబ్బున్నోళ్లకి ఒకటి, మధ్యవాళ్లకి ఒకటి, బీదోళ్లకి ఒకటి. మెదడు ముక్కులోంచి తీయడం, పక్కటెముకల కింద కోసి పేగులు తీయడం, నేట్రాన్ అనే ఉప్పులో ఆరబెట్టడం, మొత్తం డెబ్భై రోజుల పని. డయొడోరస్ ఇంకో సంగతి రాశాడు, అది చదివిన రోజు నాకు అన్నం సరిగా పోలేదు. శవం పక్కన కోత పెట్టడానికి ఒక మనిషి ఉంటాడు. పని వాడిదే, వాడు చేయకపోతే ముందుకు సాగదు. కానీ కోత పెట్టిన మరుక్షణం వాడు పారిపోవాలి. చుట్టూ ఉన్నవాళ్లు వాడిని తిడుతూ రాళ్లేస్తూ తరుముతారు, మనిషి ఒంటికి గాయం చేశాడని. మన ఊళ్లలో పీనుగ లేవాలంటే ఎవరి డప్పు మోగాలో, గుంత ఎవరు తవ్వాలో, పని అయ్యాక వాళ్లు ఎంత దూరంలో నిలబడాలో తెలిసినవాళ్లకి ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు. ఇదే బాపు ప్రశ్నకి దొరికే జవాబు. ఆ అద్దాల పెట్టె పక్కన ఈ రెండు వాక్యాలు రాసిపెడితే పిల్లలు ఇంకా నవ్వుతారా?

టాలమీల కాలం గురించి ఇంకొక్కటి, సాహిత్యం చదివేవాళ్లు వదులుకోకూడనిది. ఆ రోజుల్లో మమ్మీ మీద పెట్టే అట్ట కవచాన్ని, కార్టనాజ్ అంటారు, చాలాసార్లు పాత కాగితాలతో చేసేవారు. అంటే పారేసిన పపైరస్: లెక్కలు, అర్జీలు, ఉత్తరాలు, ఒక్కోసారి కవిత్వం. మన దగ్గర పాత పేపర్లు నానబెట్టి బొమ్మల ముఖాలు చేసినట్టే. అట్లాంటి ఒక రొమ్ము కవచాన్ని విడదీస్తే పొసిడిప్పస్ అనే గ్రీకు కవివి నూటికి పైగా చిన్న పద్యాలు బయటపడ్డాయి, 2001లో అచ్చయ్యాయి. అంతకుముందు ఆయనవి దొరికినవి బహు కొద్ది. శవం ఒంటి మీద అట్టగా మారడం వల్ల బతికిన పుస్తకం అది. రాకుమారి, వెయ్యి పౌండ్లు, శాపం కన్నా ఇది మంచి కథ కాదా?

ఇక అసలు విషయానికి వస్తాను. టూటంఖామున్ సమాధిలో నాకు అన్నిటికన్నా పెద్ద వస్తువు బంగారు ముసుగు కాదు. జానెడు, రెండు జానల బొమ్మలు. ఉషబ్తీలు అంటారు. 413 ఉన్నాయి. చెక్కవి, రాతివి, ఫయాన్స్‌వి. ఫయాన్స్ అంటే పింగాణీలా నీలంగా మెరిసే ముద్ద. మమ్మీ ఆకారంలో చేతులు కట్టుకుని నిలబడి ఉంటాయి. ఈ బొమ్మల చేతుల్లో సాధారణంగా రెండు పారలు, వీపున ఒక గంప. టూటంఖామున్ వాటికి పనిముట్లు విడిగా కూడా ఇచ్చారు, వేలెడంత పారలు, గడ్డపారలు, కావళ్లు, గంపలు, వెయ్యికి పైగా.

దేనికి ఇవి? చచ్చిపోయాక ఓసిరిస్ రాజ్యంలో కూడా పొలాలున్నాయి, కాలవలున్నాయి, పూడిక తీయాలి, ఇసుక ఈ గట్టు నుంచి ఆ గట్టుకి మొయ్యాలి. అక్కడ హాజరు పిలుస్తారు. పేరు పిలిచినప్పుడు చచ్చిపోయినాయన బదులు ఈ బొమ్మ లేచి నేనున్నానని పలకాలి. బొమ్మ ఒంటి మీద రాసే మంత్రం సారాంశం అదే. ఉషబ్తి అన్న మాటకి పలికేవాడు అని అర్థం చెప్తారు.

బొగ్గుబాయి ఊళ్లలో పెరిగినవాళ్లకి ఇందులో అర్థం కానిది ఒక్కటీ లేదు. మా దగ్గర హాజరుని మస్టర్ అంటారు. రాకపోతే నాగా. నాగా పడ్డవాడి జాగాలో దిగేవాడు బదిలీ. మా బాపు మొదట బదిలీ ఫిల్లరే. రోజూ బాయి మీదికి పోయి నిలబడేవాడు, ఎవడన్నా రాకపోతే ఆ పేరు ఖాళీలో ఈయన దిగేవాడు. పని తట్ట, చెమ్మస్: చెమ్మస్‌తో బొగ్గు తట్టలోకి ఎత్తడం, తట్ట మోసి టబ్బులో పొయ్యడం. ఉషబ్తి ఫోటో మొదటిసారి చూసినప్పుడు వీపు మీద గంప గీతలు చూసి నేను గట్టిగా నవ్వాను. మూడు వేల మూడు వందల ఏళ్ల నాటి తట్ట.

413 అనే అంకె కూడా ఊరికే రాలేదు. 365 మంది కూలీలు, రోజుకొకడు. పదిమందికొకడు చొప్పున 36 మంది మేస్త్రీలు. నెలకొకడు చొప్పున వాళ్ల మీద 12 మంది. ఫిల్లర్లు, వాళ్ల మీద సర్దార్లు, వాళ్ల మీద ఓవర్‌మన్లు. షిఫ్టు చార్టు చేసి సమాధిలో పెట్టారంటే అతిశయోక్తి కాదు. పై ఏర్పాటు చూసినవాడు గనక దాన్నే కింద కూడా ఊహించుకున్నాడు. స్వర్గంలో పని ఉండదని అనుకోలేకపోయిన సమాజం అది.

ఇక్కడ మనకి దొరికే మాట వెట్టి. ఇంగ్లీషు పుస్తకాలు దీనికి ఏదో ఫ్రెంచి మాట వాడతాయి. తెలంగాణలో మనకి తర్జుమా అక్కర్లేదు. రాజు పిలిస్తే పోవాలి, కూలి లేదు, తప్పించుకోవాలంటే నీ బదులు ఇంకొకడిని పంపాలి. రాజు కూడా చచ్చాక వెట్టికి భయపడ్డాడు! అంత బంగారం పక్కన 365 మంది బదిలీలని పెట్టుకుని పడుకున్నాడంటే, జీవితమంతా ఎదుటివాళ్ల చేత చేయించింది ఏమిటో ఆయనకి బాగానే తెలుసు. ఏ చరిత్ర పుస్తకంలోనూ ఫారోలు ఇంత నిజం ఒప్పుకోలేదు. హైదరాబాద్ మమ్మీ కొన్న 1920లో మన పల్లెల్లో వెట్టి నడుస్తూనే ఉంది. ఆ పెట్టె పక్కన నిలబడితే నాకు ఈ రెండూ కలిసే కనిపిస్తాయి.

ఉషబ్తీలకి కూలి సంగతి కూడా ఒకచోట వచ్చింది. క్రీ.పూ. 970 ప్రాంతంలో నెస్‌ఖోన్స్ అనే ఆమె చనిపోయింది, థీబ్స్ ప్రధాన పూజారి రెండవ పినెజెమ్ భార్య. ఆమె ఉషబ్తీల విషయంలో అమున్ దేవుడి తీర్పు ఒకటి చెక్క పలకల మీద రాసి ఉంది. బొమ్మలు చేసిన ఫయాన్స్ పనివాళ్లకి డబ్బు ముట్టింది, ఆ ముట్టినదే ఈ బొమ్మలకి కూలి, కాబట్టి ఇవి నెస్‌ఖోన్స్‌కి పని చేసి తీరాలి. ఇదీ దాని సారం. ఎంత విచిత్రమైన కాగితం! ఊరికే చేయించుకుంటే బొమ్మ కూడా ఎదురు తిరగొచ్చునన్న అనుమానం లేకపోతే దేవుడి దగ్గరికి పోయి అగ్రిమెంటు ఎందుకు రాయించుకుంటారు?

పోలిక ఇక్కడ ఆపుకోవాలి, లేకపోతే ఈజిప్టుని గోదావరిఖని చేసేస్తాను. ఉషబ్తి మొదట్లో కూలివాడు కాదు. పాత రోజుల్లో సమాధికి ఒక్కటే పెట్టేవారు, అది చనిపోయిన మనిషి రూపమే, తానే ఇంకో ఒంటితో. సంఖ్య పెరిగేకొద్దీ అది "నేను" నుంచి "నా పనివాడు" అయింది. ఏ కాలంలో ఏది ఎంత అనేదాని మీద పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. మా బాపు ఎవడి చావుకో పూచీపడ్డ బొమ్మ కాదు, ఆయన కూలి ఆయన తెచ్చుకున్నాడు, యూనియన్ చందా కట్టాడు, అరిచాడు. టాలమీల కాలానికి ఉషబ్తీలు దాదాపు ఆగిపోయాయి కూడా, కాబట్టి మన నైషుకి బదిలీలు ఉండి ఉండరు. ఈ తేడాలన్నీ ఒప్పుకున్నాక కూడా బొమ్మ వీపున తట్ట అట్లాగే ఉంది.

సమాధులు తవ్విన అసలు మనుషుల మాటకొస్తే మనకు ఉషబ్తీల దాకా పోనక్కర్లేదు. రాజుల లోయకి దగ్గర్లో దేర్ ఎల్-మదీనా అని ఒక ఊరుంది. రాజుల సమాధులు తొలిచి, బొమ్మలు వేసిన పనివాళ్ల కాలనీ. గోడకి గోడ ఆనుకున్న ఇళ్లు, మన కార్టర్ల వరస లాగే. బ్రిటిష్ మ్యూజియంలో అక్కడి సున్నపురాయి పెచ్చు ఒకటి ఉంది. రెండవ రామ్‌సెస్ నలభయ్యో ఏడు, క్రీ.పూ. 1250 ప్రాంతం. నలభై మంది పేర్లు, 280 రోజుల హాజరు, ఎవడు ఎందుకు రాలేదో ఎర్ర సిరాతో పైన రాసింది. ఒకడిని తేలు కుట్టింది. ఒకడికి కళ్లజబ్బు. ఒకడు బీరు కాస్తున్నాడు. ఒకడు తల్లి శవానికి గుడ్డ చుడుతున్నాడు.

బాపు బతికుంటే ఈ ఒక్క ఎంట్రీ చూపించేవాణ్ణి. గుడ్డ చుట్టినవాడు దొరికాడు, నాగా రాసిన రాతలో. మా నాయనమ్మ చచ్చిపోయినప్పుడు పదకొండు దినాలూ బాపు ఇంటిదగ్గరే ఉన్నాడు. బదిలీ పర్మినెంట్ కావాలంటే ఏడాదికి 190 మస్టర్లు నిండాలి. ఆ ఏడు 184 దగ్గర ఆగిపోయాయి. ఎవరి తప్పూ లేదు, లెక్క లెక్కే అనేవాడు. కానీ ఆ 184 అనే అంకె మా ఇంట్లో ఎంతమందికి ఎన్నిసార్లు చెప్పాడో! సాహిత్యం అంటే నాకు ఆ పెచ్చు కూడా. కారణం రాయాలని ఏ గుమస్తాకి తోచిందో గానీ, ఆ ఎర్రసిరా వల్లే నలభై మంది మనుషులయ్యారు.

ఆ ఊరివాళ్లే మూడవ రామ్‌సెస్ ఇరవై తొమ్మిదో ఏట, క్రీ.పూ. 1157 ప్రాంతంలో, గింజల జీతం రాలేదని పని వదిలేసి గుడి వెనక పోయి కూర్చున్నారు. రాతలో దొరికే మొదటి సమ్మె అదే అంటారు. ఆకలి, దప్పిక, బట్ట లేదు, నూనె లేదు, చేప లేదు, ఫారోకి చెప్పండి అన్నారు. రాసిపెట్టిన గుమస్తా కూడా ఆ ఊరివాడే.

వాళ్లు తమకోసం కట్టుకున్న సమాధులు కూడా ఉన్నాయి. సెన్నెజెమ్ అనే పనివాడిది 1886లో చెక్కుచెదరకుండా దొరికింది. దాని గోడ మీద బొమ్మ ఒకటి నేను ఫోన్‌లో దాచుకున్నాను. పరలోకపు పొలం. సెన్నెజెమ్ నాగలి పట్టుకున్నాడు, వెనక భార్య ఈనెఫెర్తి గింజలు చల్లుతోంది. ఇంకోచోట ఆయన కొడవలితో కంకులు కోస్తుంటే ఆమె బుట్టలో ఏరుతోంది. ఇద్దరి ఒంటి మీదా పండగ బట్టలు, తెల్లగా, మడత నలగకుండా. జొన్న మనిషెత్తు. బురద లేదు, చెమట లేదు, మేస్త్రీ లేడు. జీవితమంతా రాజు గోడల మీద రాజు స్వర్గం గీసినవాళ్లు సొంత గోడ దగ్గరికి వచ్చేసరికి పని లేని లోకం గీసుకోలేదు. తమ పొలంలో తమ పని, మంచి బట్టలేసుకుని. బంగారు ముసుగు నన్ను ఎప్పుడూ ఇంతసేపు నిలబెట్టలేదు. (జొన్న అన్నాను గానీ అది గోధుమ లాంటి పంట. కరీంనగర్ కళ్లు, ఏం చేస్తాం.)

ఇంత సామాను ఉండగా మనకి చేరింది మాత్రం శాపం. 1922 నవంబరు 4న హోవర్డ్ కార్టర్ మనుషులకి మొదటి మెట్టు తగిలింది. నీళ్లు మోసే పిల్లవాడికి కనపడిందని ఒక కథ, ఆ పిల్లవాణ్ణి నేనే అని తర్వాత ఒకాయన చెప్పుకున్నాడు కూడా. 1923 ఏప్రిల్‌లో డబ్బు పెట్టిన కార్నర్వాన్ చచ్చిపోయాడు, దోమ కుట్టిన చోట బ్లేడు తెగి చీము పట్టి. ఇక పత్రికలకి పండగ. 1999 నాటి హాలీవుడ్ మమ్మీ సినిమా తెలుగు డబ్బింగ్‌లో చూసి రెండు రాత్రులు నిద్రపోని తరం మాది, కాబట్టి శాపాన్ని నేను తేలిగ్గా తీసేయను. కానీ 2002లో ఒక వైద్యపత్రిక ఆ శాపం నిజంగా పనిచేసిందా అని లెక్కవేసినప్పుడు ఎవరిని లెక్కపెట్టారో చూడండి: కార్టర్ రాతల్లో పేర్లున్న 44 మంది పాశ్చాత్యుల్ని. శాపం లేదని తేలింది, మంచిదే. రాళ్లు, మట్టి మోసిన ఈజిప్టు కూలీలు శాపానికి కూడా లెక్కలోకి రాలేదు. కార్టర్‌ని చిన్నబుచ్చడం నా ఉద్దేశం కాదు. ప్రతి వస్తువుకీ నంబరు, ఫోటో, కార్డు, పదేళ్లు అదే పని. ఓపిక అంటే అది. కానీ కథ చెప్పడం మొదలుపెట్టగానే ఆయన మొదటి పుస్తకంలో సమాధి ముందు ఒక హీరో ఉంటాడు, మిగతావాళ్లు వెలుతురు పట్టుకుంటారు.

దీనికి ఎదురుగా నిలబడే సినిమా ఒక్కటి నాకు తెలుసు. శాది అబ్దెల్ సలామ్ తీసిన "అల్-మూమియా", 1969. సంగతి నిజంగా జరిగింది. 1881లో దేర్ ఎల్-బహ్రీ దగ్గర ఒక గుహలో సేతి, రెండవ రామ్‌సెస్‌తో సహా నలభైకి పైగా మమ్మీలు బయటపడ్డాయి. అప్పటికే కుర్నా ఊరివాళ్లు అబ్దెల్ రసూల్ కుటుంబం కొన్నేళ్లుగా అందులోంచి తీసి అమ్ముకుని బతుకుతున్నారు. (ఇందాకటి నెస్‌ఖోన్స్ కూడా ఆ గుహలోనే ఉంది.) సినిమాలో వానిస్ అనే కుర్రవాడికి తండ్రి పోయిన రోజు ఈ రహస్యం తెలుస్తుంది. పెద్దవాళ్లు గుహలోకి తీసుకెళ్లి వాడి కళ్లముందే ఒక మమ్మీ మెడ నరికి బంగారు కన్ను తీస్తారు. వద్దన్న అన్న చచ్చిపోతాడు. చివరికి వానిస్ కైరో నుంచి వచ్చిన అధికారులకి చెప్పేస్తాడు. తెల్లవారుజామున శవపేటికలు ఓడకి వరసగా నడిచిపోతాయి, ఊరు నల్లబట్టల్లో నిలబడి చూస్తుంది.

చాలా నెమ్మది సినిమా. మొదటిసారి సగంలో ఆపేశాను. రెండోసారి పట్టుకుంది దాని భాష. కొండల్లో బతికే ఆ మనుషులు గ్రాంథిక అరబ్బీ మాట్లాడతారు. మా ఊరి బీడీ కార్మికులు నన్నయ భాష మాట్లాడినట్టు. మొదట నవ్వొచ్చింది, తర్వాత అర్థమైంది: దర్శకుడు వాళ్లకీ ఆ రాజుల శవాలకీ ఒకే ఎత్తు పీట వేస్తున్నాడు. అయినా ఒక్కచోట నేను ఆ సినిమాతో పడను. వానిస్‌కి గోడ మీద రాత చదవడం రాదు, కైరో అధికారికి వచ్చు, కాబట్టి పేటికలు అధికారివి. ఊరికి ఏం మిగిలింది అని సినిమా ఒక్క చూపుతో అడిగి వదిలేస్తుంది. కుర్నా ఇళ్లని ఈ శతాబ్దంలో పురావస్తువుల కోసమే ఖాళీ చేయించి కూల్చారు. చదవడం వచ్చినవాడిదే సొత్తు అనే మాట నేల కింద ఏదో ఒకటి ఉన్న ఊళ్లలో పుట్టినవాళ్లకి ఎప్పుడూ కొంచెం భయంగానే వినిపిస్తుంది.

మా దగ్గర కూడా పాత సమాధులున్నాయి. పెద్దపల్లి వైపు కదంబాపూర్‌లో ఇనుపయుగం నాటివి పురావస్తు శాఖ తవ్వింది. సిద్దిపేట జిల్లా నర్మెట్టలో 2017లో తవ్వినప్పుడు మీద కప్పిన బండ నలభై టన్నుల పైమాట, లేపడానికి క్రేన్లు తెప్పించారు. కింద ఎముకలు, కుండలు. ఇట్లాంటి చోట్ల మామూలుగా దొరికేవి నలుపు-ఎరుపు కుండలు, ఇనుప కత్తులు, కొడవళ్లు. చనిపోయినవాడికి తిండీ పనిముట్టూ ఇచ్చి పంపడం, అంతే, ఈజిప్టులో చేసిందే. రాత మాత్రం లేదు. పేరు లేదు, నాగా లేదు, తల్లికి గుడ్డ చుట్టాడని ఎర్రసిరా లేదు.

వాటిని మనవాళ్లు ఏమంటారు? రాక్షస గుళ్లు. లేదంటే పాండవుల గుళ్లు. చిన్నప్పుడు ఆ మాట ఇష్టంగా ఉండేది, ఇప్పుడు కాస్త ఇబ్బంది పెడుతుంది. అంత బండ మనుషులు ఎత్తలేరు, కాబట్టి రాక్షసులు ఎత్తారు. పిరమిడ్లు వేరే గ్రహం వాళ్లు కట్టారనే యూట్యూబ్ మాటకీ దీనికీ తేడా ఏముంది? జానపదం కదా అని ముద్దుచేసి వదిలేయడం నాకు ఇష్టం లేదు. నలభై టన్నుల బండని దుంగల మీద, తాళ్లతో, మట్టి గట్టు ఎక్కించి జరిపిన వంద మందిని ఆ పేరు ఒక్కదెబ్బకి చెరిపేస్తుంది. మ్యూజియంలో "రాకుమారి" చేసే పనే పొలంలో "రాక్షసుడు" చేస్తున్నాడు. ఈ సమాధుల మీద వచ్చిన రాతలు కుండ పెంకుల కొలతల దగ్గరే ఆగిపోతాయి. కథలు రాసేవాళ్లేమో అటు చూడరు. హైదరాబాద్ మమ్మీని గాలిలో ఆక్సిజన్ తగలకుండా నైట్రోజన్ నింపిన పెట్టెలో పెట్టారు, మంచి పని. హష్మత్‌పేట సమాధుల చుట్టూ మాత్రం నగరం ఇళ్లు కట్టేసుకుంది.

కిందటేడు బాపు పోయాడు. మావాళ్లలో పూడ్చిపెడతారు. మూడో దినం పిట్టకు పెట్టాం. విస్తట్లో అన్నం, మటన్, పక్కన కల్లు సీసా, బీడీ కట్ట, గ్లాసులో చాయ. దూరంగా జరిగి నిలబడ్డాం. కాకి వచ్చి తుమ్మచెట్టు మీద కూర్చుంది, దిగలేదు. అరగంటయింది. ఏమన్నా మర్శిపోయిన్రా, మనసుల ఏమున్నదో అడుగున్రి అంది మేనత్త. అవ్వ మొక్కింది, మనవరాలి పెళ్లి మంచిగా చేస్తమని చెప్పింది. దిగలేదు. అన్న బండి మీద ఇంటికి పోయి బాపు బాయికి తీసుకుపోయే టిఫిన్ తెచ్చి, మూత తీసి, విస్తరి పక్కన పెట్టాడు. అయినా లేదు.

"టిఫిన్ గాదురా," అన్నాడు బాపుతో పాటు బదిలీ చేసిన కాకా, "గా ఆరు మస్టర్లు ఏసి తెచ్చియ్యున్రి, అప్పుడు దిగుతడు."

ఏడుస్తున్న అవ్వ కూడా నవ్వింది. మేం ఇంకా నవ్వుతుండగానే పిట్ట ముట్టింది.